డబ్బులు తీసుకోకపోయినా ఫ్యాన్ గేమ్‌ను ఆపేస్తారా?

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఏడాదిన్నరగా గేములు తయారుచేసే గోడాట్ సాఫ్ట్‌వేర్‌లో పోకెమాన్ ఫ్యాన్ గేమ్ (అభిమానులు సొంతంగా చేసే గేమ్) చేస్తున్నాను. కథ, మ్యాపులు, కోడ్ అన్నీ నావే. పాత్రలు మాత్రం పికాచు వగైరా. డబ్బులు తీసుకోను, యాడ్స్ పెట్టను. గేములు పంచుకునే ఇచ్.ఐఓ సైట్‌లో పెట్టొచ్చా? కేసు వేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. (కాకినాడ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: ఇప్పుడున్నది ఉన్నట్టుగా పెట్టకండి. ఏడాదిన్నర కష్టపడ్డ మీకు ఈ మాట చెప్పడం నాకూ బాధగానే ఉంది. కానీ అప్‌లోడ్ చేశాక తెలిసేకంటే ఇప్పుడే తెలిస్తే దిద్దుకోవడానికి వీలుంటుంది.

డబ్బు తీసుకోకపోతే తప్పు కాదని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. పాత్రల రూపం, బొమ్మలు, సంగీతం ఎవరివో, వాటిని కాపీ చేసి జనానికి పంచే హక్కు కూడా వాళ్లదే. మన 1957 కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ సొంత వాడకానికి, పరిశోధనకు, విమర్శకు, సమీక్షకు కొంత వెసులుబాటు ఇస్తుంది. పూర్తి గేమ్ తయారుచేసి ప్రపంచమంతా డౌన్‌లోడ్ చేసుకునేలా పెట్టడం అందులో ఇమడడం చాలా కష్టం. లాభం కోసం చేయలేదన్నది శిక్ష తగ్గించేటప్పుడు కోర్టు చూడొచ్చు, అంతే.

మామూలుగా నేరుగా కేసు దాకా పోరు. ముందు సైట్‌కు ఫైల్ తీసేయమని డీఎంసీఏ కింద నోటీసు వెళ్తుంది. డీఎంసీఏ అంటే అమెరికా కాపీరైట్ చట్టం. నోటీసు రాగానే సైట్ ఫైల్ తీసేస్తుంది. మీరు ఎదురు నోటీసు ఇవ్వొచ్చు. కాకపోతే అందులో అమెరికా కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నానని రాసి సంతకం చేయాలి. కాకినాడలో చదువుకునే కుర్రాడు ఆ సంతకం ఎందుకు చేయాలి చెప్పండి?

పోకెమాన్ హక్కుదారుల్లో ఒకటైన జపాన్ గేమ్ కంపెనీ నింటెండో ఈ విషయంలో ఎంత గట్టిగా ఉంటుందో చూడాలంటే 2016 ఆగస్టు ఒక్క నెల చాలు. దాదాపు తొమ్మిదేళ్లు పట్టిన ‘పోకెమాన్ యురేనియం’ అనే ఫ్యాన్ గేమ్ ఆ నెలలో విడుదలై, 15 లక్షలకు పైగా డౌన్‌లోడ్లు చూసింది. నింటెండో తరఫు లాయర్ల నోటీసులతో కొద్ది రోజుల్లోనే దాని అధికారిక లింకులు పోయాయి. అదే నెల 6న, నింటెండోదే అయిన మెట్రాయిడ్ గేమ్ సిరీస్‌కు 30 ఏళ్లు నిండిన రోజున, ‘ఏఎం2ఆర్’ అనే ఫ్యాన్ గేమ్ వచ్చింది. 1991లో నింటెండో చేతి గేమ్ యంత్రం గేమ్‌బాయ్ మీద వచ్చిన మెట్రాయిడ్ 2కు ఇది రీమేక్. అర్జెంటీనాకు చెందిన మిల్టన్ గ్వాస్తీ దాదాపు పదేళ్లు పని చేశాడు. దానికీ నోటీసే వచ్చింది. మరుసటి ఏడాదే నింటెండో అదే గేమ్‌కు సొంత రీమేక్‌ను తన తర్వాతి చేతి గేమ్ యంత్రం 3డీఎస్ మీద తెచ్చింది. గ్వాస్తీ పనితనం మాత్రం వృథా పోలేదు. ‘ఓరి’ గేములు చేసే మూన్ స్టూడియోస్ అతన్ని లెవల్ డిజైనర్‌గా తీసుకుంది. 2020లో వచ్చిన రెండో ‘ఓరి’ గేమ్‌లో అతని పని ఉంది.

హక్కులు కాపాడుకోవాలంటే అందరూ ఇలాగే చేయాలని లేదు. సోనిక్ ఫ్యాన్ గేములు చేసిన క్రిస్టియన్ వైట్‌హెడ్ వంటివాళ్లను సోనిక్ గేముల సొంతదారైన సెగా కంపెనీ పిలిచి పని అప్పగించింది. 2017లో ‘సోనిక్ మేనియా’ అలా పుట్టింది. పాతికేళ్లుగా ఒక ఆటను గుండెల్లో పెట్టుకున్నవాళ్లకు దాని నాడి తెలుస్తుంది. ఆ గేమ్ ఆడితే మీకే అర్థమవుతుంది. నింటెండోకు చట్టం ప్రకారం హక్కు ఉంది, కాదనను. పదేళ్ల శ్రమను పలకరించకుండా నోటీసుతో తీసేయించడం మాత్రం నాకు మింగుడు పడదు.

ఇక మీ సంగతి. కోడ్ మీదే, కథ మీదే అన్నారు. అయితే సగానికి పైగా మీ చేతిలోనే ఉన్నట్టు. పాత్రలు, పేర్లు, సంగీతం, లోగో మార్చేయండి. ‘ఫ్రీడమ్ ప్లానెట్’ కూడా సోనిక్ ఫ్యాన్ గేమ్‌గానే మొదలైంది. మధ్యలో సొంత పాత్రలు పెట్టుకుని 2014లో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో అమ్మకానికి వచ్చింది. జంతువుల్ని పట్టి పోరాడించడం అనే ఆలోచనకు కాపీరైట్ ఉండదు. ఆట పద్ధతులకు పేటెంట్లు ఉండొచ్చు కనుక బంతి విసిరి జంతువును పట్టుకోవడం లాంటివి అచ్చం దింపకండి. పోకెమాన్‌ను పోలిన ‘పాల్‌వరల్డ్’ గేమ్ తయారుచేసిన పాకెట్‌పెయిర్‌పై నింటెండో 2024లో టోక్యోలో వేసిన దావా కాపీరైట్‌ది కాదు, పేటెంట్లది. ఇంకో మాట: పూర్తయ్యేదాకా పోకెమాన్ పేరుతో ట్రైలర్ వదలకండి. అందరి కళ్లూ ముందు దాని మీదే పడతాయి.

ప్రశ్న: ఏఎం2ఆర్ ఇప్పటికీ కొన్ని సైట్లలో కనిపిస్తోంది. దించుకోవచ్చా? (వరంగల్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: నేనైతే వద్దంటాను. అసలు పేజీ పోయాక మిగిలినవన్నీ ఎవరో మళ్లీ ఎక్కించిన ఫైళ్లే. ఈఎక్స్ఈ (ప్రోగ్రామ్) ఫైల్‌లో మధ్యలో ఏం కలిపారో మనకు తెలిసే దారి లేదు. ఇప్పటికే దించేసి ఉంటే, తెరిచే ముందు ఫైళ్లలో వైరస్ వెతికే వైరస్‌టోటల్ సైట్‌లో స్కాన్ చేయండి. యాంటీవైరస్ ఆపేయమని అడిగే ఇన్‌స్టాలర్ అయితే వెంటనే తీసేయండి. మెట్రాయిడ్ 2 పాత గేమ్‌బాయ్ రూపం నింటెండో స్విచ్ ఆన్‌లైన్ అనే చందా సర్వీసులో ఉంది. 3డీఎస్ రీమేక్ కావాలంటే మాత్రం ఆ యంత్రపు ఆన్‌లైన్ దుకాణం ఈషాప్‌లో కొనుగోళ్లు 2023 మార్చిలో ఆగిపోయాయి కాబట్టి కార్ట్రిడ్జే వెతుక్కోవాలి.

ప్రశ్న: హాఫ్-లైఫ్ గేమ్‌కు మాడ్ (మార్పులు చేసిన రూపం) చేసి అమ్ముకోవచ్చా? (హైదరాబాద్)

జవాబు: ముందు ఆ గేమ్ చేసిన వాల్వ్ కంపెనీ అనుమతి తీసుకోండి. హాఫ్-లైఫ్‌కు అభిమానులు చేసిన రీమేక్ ‘బ్లాక్ మెసా’ 2012లో ఉచిత మాడ్‌గా వచ్చి, వాల్వ్ ఒప్పుకున్నాకే స్టీమ్‌లో అమ్మకానికి వెళ్లింది. మిగతా కంపెనీలూ ఇలాగే ఉంటాయనుకోకండి. జీటీఏ 3, వైస్ సిటీ కోడ్‌ను రివర్స్ ఇంజినీరింగ్ చేసినవాళ్లపై (పూర్తయిన గేమ్‌ను విప్పి కోడ్ రాబట్టినవాళ్లపై) ఆ గేముల సొంతదారు టేక్-టూ 2021లో దావా వేసింది.