బుద్ధిమంతుడా, తెలివైనవాడా?

సందేహం: ప్రోగ్రెస్ కార్డులో ఒక పిల్లవాడి గురించి 'బుద్ధిమంతుడు' అని రాశాను. లెక్కల్లో వాడే ఫస్టు. వాళ్ళ నాన్నగారు వచ్చి, 'మావాడు అల్లరి చేయడని రాశారు గానీ, తెలివైనవాడని రాయలేదేమండీ?' అన్నారు. బుద్ధి, తెలివి ఒకటి కావా? మేము బి.ఇడి.లో చదువుకున్న 'ప్రజ్ఞాలబ్ధి' (ఐ.క్యూ.)లో లబ్ధి అంటే ఏమిటి?
– ఒక ఉపాధ్యాయిని, ఒంగోలు

సమాధానం: అమ్మా, నిఘంటువు ప్రకారం మీరు రాసింది సరైనదే. 'బుద్ధిర్మనీషా ధిషణా ధీః ప్రజ్ఞా శేముషీ మతిః' అని అమరకోశం బుద్ధినీ ప్రజ్ఞనూ ఒకే వరసలో కూర్చోబెట్టింది. కానీ ఆ తండ్రి విన్నది వాడుకను. 'బుద్ధిగా కూర్చో', 'నాలుగు బుద్ధులు చెప్పి పంపారు', 'ఇప్పటికి బుద్ధొచ్చింది' అంటున్నప్పుడు మనం మాట్లాడేది నడవడిక గురించి. 'పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు' అనే సామెతలో బుద్ధి తీసేసి తెలివి పెట్టి చూడండి, సామెత నిలబడదు.

తెలివి అచ్చతెలుగు మాట. తెలి, తెల్లన, తెల్లవారడం, తెలియడం అన్నీ ఒక ఇంటివే. వెలుగు పడితే కనిపించడమే తెలియడం. స్పృహను కూడా తెలివి అనడం అందువల్లే: 'ఎండకు తెలివితప్పి పడిపోయాడు' అంటాం. 'నీ తెలివి తెల్లారినట్టే ఉంది' అనే ఎత్తిపొడుపుకు పదును కూడా ఈ చుట్టరికం నుంచే వచ్చింది. ఈ మాటకు మంచిచెడ్డలతో పని లేదు. దొంగతెలివి ఉన్నవాడు ఎలాగోలా పని కానిచ్చుకుంటాడు. దొంగబుద్ధి ఉన్నవాడి చెయ్యి ఎదుటివాడి సొమ్ము చూస్తే ఊరుకోదు. ఈ తేడా తెలుగు పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

బుద్ధిలో చురుకూ నడవడీ కలిసిపోవడం మన భాషకు పట్టిన గందరగోళమని కొందరంటారు. నేను ఒప్పుకోను. జాంబియా తూర్పు ప్రాంతంలో చెవా భాష మాట్లాడేవాళ్ళకు 'న్జేలు' అనే మాట ఉంది. 1970లలో రాబర్ట్ సెర్పెల్ అనే మనస్తత్వవేత్త అక్కడి పల్లె పెద్దల దగ్గరికి వెళ్ళి, ముఖ్యమైన పని పడితే ఈ పిల్లల్లో ఎవరిని పంపుతారు, ఎందుకు అని అడిగాడు. వాళ్ళ లెక్కలో న్జేలు అంటే చురుకు ఒక్కటే కాదు, చెప్పిన పనిని బాధ్యతగా చేసుకొచ్చే గుణం కూడా. ఆ పెద్దల అంచనాకూ, అదే పిల్లలకు పరీక్షల్లో వచ్చిన మార్కులకూ పెద్దగా పొంతన కుదరలేదు. మన బుద్ధికి న్జేలు దగ్గరి బంధువు.

లైబీరియాలో క్పెల్లె రైతుల సంగతి ఇంకా ముచ్చటైనది. వాళ్ళ ముందు ఇరవై వస్తువులు పెట్టి, కలిసేవాటిని ఒకచోట చేర్చమన్నారు. తిండివస్తువులు ఒక కుప్ప, పనిముట్లు ఒక కుప్ప చేస్తే తెలివని పరీక్ష పెట్టినవాళ్ళ ఉద్దేశం. రైతులు కత్తిని కమలాపండు పక్కన పెట్టారు, పండును కోసేది అదే కదా! వివేకం ఉన్నవాడు ఇలాగే చేస్తాడన్నారు. మరి మూర్ఖుడైతే ఎలా చేస్తాడని అడిగితే, చకచకా తిండి ఒక పక్క, పనిముట్లు ఒక పక్క సర్ది చూపించారు. అంటే వాళ్ళకు చేతకాక కాదు. తెలివి అనే మాటకు వాళ్ళ ఊళ్ళో అర్థం వేరు, అంతే.

ఇక లబ్ధి. లబ్ధిదారులు గుర్తొచ్చి దాన్ని లాభం అనుకోకండి. సంస్కృత గణితంలో లబ్ధి అంటే భాగిస్తే వచ్చేది, మన బడిలో చెప్పే భాగఫలం. బడిలో అదనపు సాయం కావలసిన పిల్లలను గుర్తించడానికి పారిస్‌లో బినే, సిమోన్ 1905లో ఒక పరీక్ష తయారు చేశారు. మానసిక వయసును, అంటే పిల్ల ఏ వయసువాళ్ళ స్థాయిలో జవాబులు చెప్పగలదో ఆ వయసును, అసలు వయసుతో భాగించమని 1912లో జర్మనీలో స్టెర్న్ చెప్పాడు. దాన్ని నూరుతో హెచ్చవేయడం 1916లో అమెరికాలో టెర్మన్ స్థిరపరిచాడు. ఎనిమిదేళ్ళ పిల్ల పదేళ్ళవాళ్ళ లెక్కలు చేస్తే పదిని ఎనిమిదితో భాగించి, నూరుతో హెచ్చవేస్తే 125. ఇప్పటి పరీక్షల్లో ఈ భాగహారం లేదు. అదే వయసువాళ్ళ సగటును నూరుగా పెట్టుకుని పోలుస్తారు. పేరు మాత్రం మిగిలింది. పరీక్ష కొలిచే ఆ కొద్దిపాటి సామర్థ్యానికి 'ప్రజ్ఞ' మంచి ఎంపికే. ఇంట్లో రోజూ వాడే మాట కాదు కనుక నడవడికను వెంట లాక్కురాదు.

ఇదే కారణంతో 'బుద్ధిమాంద్యం', 'మందబుద్ధి' అనే మాటలు మాత్రం దయచేసి రాయకండి. నేర్చుకోవడం నెమ్మదైన పిల్లకు తెలుగు చెవిలో అవి గుణదోషం కూడా అంటగడతాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక 'మేధో వైకల్యం' అనే మాట వాడుకలోకి వస్తోంది, అది మేలు. 'ధీర్ధారణావతీ మేధా' అన్నాడు అమరకోశం రాసిన అమరసింహుడు. పట్టినదాన్ని నిలుపుకొనే శక్తి మేధ. అందులో మంచితనం, చెడ్డతనం ప్రసక్తి లేదు.

మీ కార్డు విషయానికొస్తే, 'బుద్ధిమంతుడు' కొట్టేయకండి. పక్కనే 'లెక్కల్లో మంచి తెలివి' అని చేర్చండి.