బొగ్గు గని మట్టికుప్పల్లో ఆకు శిలాజాలు ఏరుకోవచ్చా? తిరుపతి దగ్గర దొరుకుతాయా? అని అడుగుతూ మీరు ఓ రాయి ఫొటో కూడా పెట్టారు.

తిరుమల కొండల్లో అయితే ఆశ వదులుకోండి. అక్కడి క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి గట్టిపడి అయిన రాయి) వయసు 150 కోట్ల ఏళ్ల పైమాటే, నేల మీద మొక్కలు మొలిచిందే సుమారు 47 కోట్ల ఏళ్ల కిందట, ఇక శిలాతోరణం దగ్గర ఆకు ఎక్కణ్ణుంచి వస్తుంది? మీరు ఫొటో పెట్టిన రాయి మీద నల్లటి కొమ్మల్లాంటిది కూడా మొక్క కాదు, డెండ్రైట్. రాతి పగుళ్లలోకి నీళ్లతో దిగిన మాంగనీసు అలా పాకుతుంది. నిజం ఆకైతే ఈనెలు కనబడాలి. మన వైపు మొక్కల శిలాజాలంటే సత్యవేడు దగ్గరి రాతి పొరలే, అవి డైనోసార్ల కాలంవి, బొగ్గుతో సంబంధం లేదు.

బొగ్గు ఆకులు కావాలంటే సింగరేణి పోవాల్సిందే. మా మేనమామ ఇల్లెందు వైపు గనిలో పనిచేసేవాడు, సెలవులకు పోయినప్పుడు ముందే మేనేజర్ని అడిగి, హెల్మెట్ పెట్టించి, తను పక్కనుండి ఓబీ డంప్, అంటే బొగ్గు కోసం పైనుంచి తవ్వి పోసిన మట్టీ రాళ్ల కుప్ప, చూపించేవాడు. అనుమతి లేకుండా మాత్రం అటు వెళ్లకండి. వానకు ఆ కుప్ప జారుతుంది, బొగ్గు కలిసిన చోట తనంతట తనే రాజుకుని లోపల్లోపల కాలుతుంటుంది, పైకి ఏమీ తెలీదు.

బొగ్గులో వెతక్కండి, దానికి పైనా కిందా ఉండే బూడిదరంగు షేల్‌లో (పొరలు పొరలుగా విడిపోయే బురదరాయి) చూడండి. ఎక్కువగా దొరికేది గ్లోసాప్టెరిస్ అనే, ఇప్పుడు లేని చెట్టు ఆకు: నాలుక ఆకారం, నడిమి ఈనె, దాన్నుంచి అంచు దాకా వల అల్లినట్టు సన్న ఈనెలు. 1912లో అంటార్కిటికాలో చనిపోయిన బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం చివరిదాకా లాక్కొచ్చిన రాళ్లలోనూ ఇదే ఉంది. గదులు గదులుగా వెన్నెముకలాంటి అచ్చు కనబడితే చేప అనుకోకండి, అవి ఆ చెట్టు వేర్లే, వెర్టిబ్రేరియా అంటారు. యూట్యూబ్‌లో ఇంగ్లండ్ వాళ్లు తీసే, పొలుసుల్లాంటి చెట్టు బెరడు శిలాజం ఇక్కడ దొరకదు, వాళ్ల బొగ్గు కార్బోనిఫెరస్ అనే పాత భూయుగంది, మనది ఆ తర్వాతి పెర్మియన్ యుగంది.

మిట్టమధ్యాహ్నం ఎండలో అన్నీ ఒకేలా నల్లగా ఉంటాయి. పొద్దున లేదా సాయంత్రం ఏటవాలు వెలుగులో పలకను అటూ ఇటూ తిప్పితే ఈనెలు తేలతాయి. పలకను సుత్తితో నడిమికి కొట్టకండి, పక్క నుంచి పొర వెంబడి వెడల్పు ఉలి పెట్టి మెల్లగా తట్టండి, విడిపోయిన రెండు చెక్కలూ జతగా దాచండి, ఒకదాని మీద ఆకు, రెండోదాని మీద దాని అచ్చు ఉంటాయి. నీళ్లతో కడిగారో షేల్ బురదైపోతుంది. ఆ నల్లటి మెరుపంతా పల్చటి కార్బన్ పొర, ఆరేకొద్దీ పెచ్చులూడుతుంది, అందుకే రూపాయి బిళ్ల పక్కన పెట్టి అక్కడికక్కడే ఫొటో తీసి పేపర్లో చుట్టండి. ఏ గని, ఏ డంప్, ఏ తేదీ అనేది ఆ పేపర్ మీదే రాయండి. అది లేకపోతే ఎస్వీ యూనివర్సిటీ జియాలజీ వాళ్లకు చూపించినా ముందు అడిగేది అదే.