కాలేజీ పిచ్చర్ (బ్యాటర్‌కి బంతి విసిరేవాడు) ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో నిలబడతాడా లేదా అని ఎలా అంచనా వేస్తారు?
గెలుపోటముల లెక్క పక్కన పెట్టేయండి, అది సొంత టీమ్ ఎన్ని పరుగులు చేసిందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. స్కౌట్లు, అంటే టీమ్‌ల కోసం ఆటగాళ్లను వెతికేవాళ్లు, చూసేది వేగం, కంట్రోల్, ఫాస్ట్‌బాల్ (నేరుగా వేగంగా వేసే బంతి) కాకుండా బ్యాటర్‌ని బోల్తా కొట్టించే ఇంకో రెండు రకాల బంతులు. పాల్ స్కీన్స్‌నే తీసుకోండి: 2023లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) తరఫున 209 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం) తీసి, బంతులు గురి తప్పడంతో బ్యాటర్లకు మొదటి బేస్ ఊరికే ఇచ్చిన వాక్‌లు 20 మాత్రమే, పైగా గంటకు 160 కిలోమీటర్లు దాటే బంతి, అందుకే పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) మొట్టమొదట అతన్నే తీసుకుంది. నన్నడిగితే ఆ 20 అనే అంకే అసలు సంగతి. వేగం ఉండీ కంట్రోల్ లేనివాళ్లు చాలామంది మ్యాచ్ మధ్యలో వచ్చి ఒకటి రెండు ఇన్నింగ్స్ వేసే రిలీవర్లుగా మిగిలిపోతారు. మోచేయి ఆపరేషన్ అయ్యిందేమో కూడా చూస్తారు. ఎందుకంటే చేతి మీద భారం పెరుగుతుంది: కాలేజీ స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్) మామూలుగా వారానికోసారి వేస్తే చాలు, ప్రొఫెషనల్స్‌లో ఐదారు రోజులకోసారి, అదీ సీజన్ పొడవునా.