హెక్సేన్‌కు ఐదే ఐసోమర్లు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

హెక్సేన్‌కు (ఆరు కర్బనాలు, పద్నాలుగు హైడ్రోజన్లు) ఏడు ఐసోమర్లు, అంటే అవే పరమాణువులతో వేర్వేరు నిర్మాణాలు, వచ్చాయని నువ్వు పంపిన కాగితం చూశాను. ఉన్నవి ఐదే తల్లీ. మిగతా రెండూ నువ్వు ముందే గీసినవి. 2-ఇథైల్‌బ్యూటేన్ అని రాసినదాన్ని తీసుకో. ఇథైల్ (రెండు కర్బనాల శాఖ) కొస మీద వేలు పెట్టి గొలుసులోకి జరుపుతూ వెళ్లు. ఐదు కర్బనాలు వరసగా దొరుకుతాయి. అంటే అది 3-మిథైల్‌పెంటేనే: ఐదు కర్బనాల గొలుసు, మూడోదాని మీద ఒక కర్బనం శాఖ (మిథైల్). ఇక 4-మిథైల్‌పెంటేన్‌ను రెండో వైపు నుంచి లెక్కపెడితే 2-మిథైల్‌పెంటేన్ అవుతుంది.

కాగితం మీద అడ్డంగా గీసిందే అసలు గొలుసు అనుకోవద్దు. అది మలుపులు తిరగొచ్చు, కిందికి దిగొచ్చు. అందుకే పేరు పెట్టేముందు ప్రతి కొస నుంచీ ప్రతి కొసకూ వేలితో వెళ్లి చూడు. నంబర్లు ఆ తర్వాతే. నా మటుకు నాకు ఈ ఒక్క అలవాటు మిగతా రూల్స్ అన్నిటికన్నా ముఖ్యం.

గీసేటప్పుడు కూడా ఒక వరస పెట్టుకో. ముందు ఆరు కర్బనాల తిన్నని గొలుసు. తర్వాత ఒకటి తగ్గించి, ఆ మిథైల్‌ను 2 మీద, 3 మీద పెట్టు. చివరి కర్బనం మీద పెట్టకూడదు, పెడితే గొలుసు మళ్లీ ఆరవుతుంది. ఆపైన నాలుగు కర్బనాల గొలుసు మీద రెండు మిథైళ్లు: 2,2 ఒకటి, 2,3 ఒకటి. అంతే, ఐదూ వచ్చేశాయి. ఇథైల్‌ను రెండో కర్బనం మీద పెడితే గొలుసు ఎప్పుడూ పొడుగవుతుంది. అందుకే దానికి మొదటిసారి చోటు దొరికేది ఏడు కర్బనాల హెప్టేన్‌లోనే, 3-ఇథైల్‌పెంటేన్‌గా.

నంబర్ల విషయంలో చాలామంది మొత్తం కూడి, తక్కువ వచ్చినదాన్ని ఎంచుకుంటారు. అది తప్పు. పది కర్బనాల డెకేన్ మీద మూడు మిథైళ్లు ఒక వైపు నుంచి 2,7,8, రెండో వైపు నుంచి 3,4,9 అని వచ్చాయనుకో. మొత్తం చూస్తే 17, 16. అయినా సరైనది 2,7,8. మొదటి తేడా ఎక్కడ వస్తే అక్కడ చిన్న అంకె ఉన్నదే గెలుస్తుంది.

పేర్ల వరస ఇంగ్లిష్ అక్షరక్రమం ప్రకారమే. రెండు, మూడు అని చెప్పే డై, ట్రై లెక్కలోకి రావు. అందుకే 3-ఇథైల్-2,2-డైమిథైల్‌పెంటేన్‌లో ఇథైల్ ముందొచ్చింది. సమాన పొడవు గొలుసులు రెండుంటే, ఎక్కువ శాఖలున్న గొలుసును తీసుకో.

ఇదంతా పేర్ల కోసమే అనుకోకు. పెంటేన్ దాదాపు 36 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. అవే పరమాణువులతో 2-మిథైల్‌బ్యూటేన్ 28 దగ్గర, గుండ్రంగా ముడుచుకున్న 2,2-డైమిథైల్‌ప్రొపేన్ 10 లోపే మరుగుతాయి. శాఖలు పెరిగితే అణువులు ఒకదానికొకటి ఆనుకునే చోటు తగ్గుతుంది, ఆకర్షణ బలహీనపడుతుంది. ఇంజిన్‌లో పెట్రోల్ టకటకలాడకుండా మండే గుణాన్ని కొలిచే ఆక్టేన్ రేటింగ్‌లో 100 ఇచ్చింది 2,2,4-ట్రైమిథైల్‌పెంటేన్‌కు, సున్నా ఇచ్చింది తిన్నని గొలుసున్న హెప్టేన్‌కు. నిర్మాణం ఎంత తేడా తెస్తుందో చూడు.

ఇప్పుడు హెప్టేన్ గీసి పంపు. దర్పణ ప్రతిబింబాలను విడిగా లెక్కపెట్టకపోతే తొమ్మిది రావాలి. పదోది వస్తే టెన్షన్ పడకు. అన్నిటికీ పేర్లు రాసుకో, ఒకే పేరు రెండుచోట్ల కనిపిస్తుంది.

ఇట్లు,
మీ పెదనాన్న