మాటకారి కాకపోతే ఉద్యోగం రాదా?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ చివరి సంవత్సరం. మార్కులు బాగానే వస్తాయి గానీ నలుగురిలో నోరు విప్పడు. పర్సనాలిటీ ఉన్నవాళ్లకే ఉద్యోగాలని అందరూ అంటున్నారు. మూడు నెలల పర్సనాలిటీ డెవలప్‌మెంట్ కోర్సులో చేర్చమంటారా, ఆ సమయంలో డేటా అనలిటిక్స్ నేర్పించమంటారా?
– ఒక తండ్రి

జవాబు: మీరు అడిగింది కోర్సుల గురించి. మీ బెంగ మాత్రం ‘మావాడిలో ఏదో లోపం ఉంది’ అని. తక్కువ మాట్లాడటం లోపం కాదు.

పర్సనాలిటీ అని అందరూ అనేది చాలాసార్లు చరిష్మాను, అంటే మనుషుల్ని ఇట్టే ఆకట్టుకునే గుణాన్ని. ఆ మాటకు గ్రీకు మూలంలో అనుగ్రహంగా దక్కిన వరమని అర్థం. అందుకే అది పుట్టుకతో రావాలనుకుంటాం. కొలువుకు కావలసింది అంత పెద్దది కాదు, కలుపుగోలుతనం చాలు. మనతో మాట్లాడుతుంటే ఎదుటివాళ్లకు ఇబ్బంది అనిపించకపోవడమే అది. పేరు గుర్తుపెట్టుకోవడం, మాటకు అడ్డు రాకపోవడం, విన్నదాంట్లోంచే తర్వాతి ప్రశ్న అడగడం. మితభాషులకు ఇందులో సగం ముందే వచ్చు.

దీనివల్ల లాభం లేదనను. ఒక మంచి లక్షణం కనిపిస్తే మిగతావీ మంచివే అనుకుంటాం. 1920లో థార్న్‌డైక్ అనే మనస్తత్వవేత్త దీనికి ‘హాలో ఎఫెక్ట్’ అని పేరు పెట్టాడు. కానీ అందరికీ అవే ప్రశ్నలు వేసి, జవాబు జవాబుకూ మార్కులు వేసే ఇంటర్వ్యూలో చిరునవ్వు ఎక్కువ దూరం మోయదు.

ఇక ఆ కోర్సులు. వాటి మీద నాకు నమ్మకం తక్కువ. ‘మాటల విలువ 7 శాతమే, గొంతు 38, హావభావాలు 55’ అని మొదటి రోజే చెబితే అనుమానించండి. 1967లో మెహ్రాబియన్ అనే మనస్తత్వవేత్త చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన అంకెలివి. మాట ఒకటి, ముఖం ఇంకొకటి చెబుతున్నప్పుడు ఇష్టాయిష్టాలను ఎలా అంచనా వేస్తామన్నదే అక్కడి విషయం. ఇంటర్వ్యూ జవాబులకు ఆ లెక్క వర్తించదు. పైగా బట్టీ పట్టించిన పరిచయం మధ్యలో ఎవరైనా ప్రశ్న వేస్తే, పిల్లవాడు మళ్లీ మొదటి వాక్యం నుంచి అందుకుంటాడు. ‘కళ్లలోకి చూడు’ అంటే గుడ్లప్పగించి చూస్తాడు. వినేటప్పుడు చూస్తే చాలు. ఆలోచించేటప్పుడు చూపు పక్కకు పోవడం సహజం.

దానికి బదులు ఇంట్లోనే రోజుకు ఇరవై నిమిషాలు చాలు. తను చేసిన పనుల్లోంచి ఐదు సంఘటనలు రాసుకోమనండి: పరిస్థితి ఏమిటి, తను ఏం చేశాడు, ఏమైంది. ఒక్కోటి రెండు నిమిషాలు మించకుండా చెబుతూ ఫోన్‌లో రికార్డు చేసి వినమనండి. మెల్లగా మాట్లాడేవాళ్లలో తరచూ కనిపించే ఇబ్బంది, వాక్యం చివర గొంతు పడిపోవడం. తెలుగులో క్రియ వచ్చేదే చివర. అది మింగేస్తే చేశాడో చేయలేదో ఎవరికీ తెలియదు! ఒక్క ఆ చివరి మాట గట్టిగా పలికినా తేడా వినిపిస్తుంది. గ్రూప్ డిస్కషన్‌లో మొదట మాట్లాడాలన్న పట్టుదల వద్దు. ‘ఆమె ఖర్చు గురించి చెప్పారు, దానికి సమయం కూడా కలపాలి’ అంటూ మూడో మాటగా వచ్చినా విన్నవాడని తెలుస్తుంది.

మనుషుల ముందుకు వెళ్లాలంటే చేతులు వణకడం, ఆ భయంతో పరీక్షలే మానేయడం దాకా వస్తే మాత్రం అది మొహమాటం కాదు, సైకాలజిస్టును కలవండి.

ఇప్పుడు కాస్త కటువుగా మాట్లాడతాను. చుట్టాలొచ్చి ‘ఏం చదువుతున్నావు?’ అని అడిగితే జవాబు ఎవరు చెబుతున్నారు? ‘మావాడికి మొహమాటం ఎక్కువండీ’ అని అతని ముందే అంటున్నదెవరు? ఉద్యోగానికి వెళ్లబోయే కుర్రాడి గురించి ఈ ఉత్తరం కూడా మీరే రాశారు. ఇన్నేళ్లూ అతని వంతు మాటలు మీరే మాట్లాడేస్తే అతనికి మిగిలేదేముంది?

డేటా అనలిటిక్స్ సంగతి ఒక్క మాటలో తేలుతుంది: అతనికి లెక్కలూ పట్టికలూ ఇష్టమైతే చేర్చండి, నలుగురూ చేరుతున్నారని మాత్రం వద్దు. అది ఇష్టమో కాదో అతన్నే అడగండి. అడిగాక ఆగండి. జవాబు రావడానికి పది సెకన్లు పట్టినా మధ్యలో మీరు అందుకోకండి.