చేదు వేరు, వగరు వేరు

పోయిన నెల గ్రీన్ టీ గురించి నాలుగు ముక్కలు రాశానో లేదో, ఉత్తరాలు వచ్చిపడ్డాయి. సగం మంది ఆ గడ్డి నీళ్ళు మీరే తాగండి అన్నారు. మిగతా సగం మంది అడిగినవాటిలో కొన్నిటికి ఈసారి జవాబులు.

విజయవాడ నుంచి ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి: మేడమ్, షుగర్ బార్డర్లో ఉంది, టీలో పంచదార మానేయమన్నారు డాక్టరు గారు. పంచదార లేని పాల టీ నా వల్ల కావట్లేదు, అందుకని గ్రీన్ టీకి మారదామనుకున్నాను. ఇప్పుడు ఇంట్లో నాలుగు రకాలున్నాయి. ఊటీలో కొన్న నీలగిరి గ్రీన్ టీ, మా అబ్బాయి జపాన్ నుంచి తెచ్చిన సెంచా, గెన్‌మైచా, వాడి ఆఫీసులో పనిచేసే చైనా అతను ఇచ్చిన లాంగ్‌జింగ్. నాకైతే నాలుగూ ఒకటే చేదు. మా ఆవిడ ఇంకాస్త మరిగిస్తే రుచి దిగుతుందంటుంది. వీటి మధ్య తేడా అసలు తెలిసే మార్గం ఉందా?

ఉంది, ముందు స్టవ్ ఆపండి. మీ ఆవిడ గారు చెప్పినట్టు మరిగిస్తే నాలుగూ నిజంగానే ఒకేలా ఉంటాయి, ఎందుకంటే మరిగే నీళ్ళలో ఆకులోని కాటెచిన్లు, అంటే చేదు, వగరు ఇచ్చే పదార్థాలు, పూర్తిగా దిగిపోయి మిగతా రుచుల్ని తొక్కేస్తాయి. మంచి గ్రీన్ టీలో ఉండే తియ్యదనం, పప్పుకట్టులో ఉండేలాంటి కమ్మదనం చాలావరకు థియనైన్ అనే అమైనో ఆమ్లం వల్ల వస్తాయి. అది అంత వేడి లేని నీళ్ళలో కూడా చక్కగా దిగుతుంది. అంటే వేడి తగ్గిస్తే కమ్మదనం ముందుకొస్తుంది, చేదు వెనక్కి పోతుంది, ఇందులో ఉన్న కిటుకల్లా ఇదే. మీరేం సిగ్గుపడక్కర్లేదు, నేనూ మొదటిసారి సెంచాని ఇరానీ చాయ్ కాచినట్టు పది నిమిషాలు కాచి పెడితే మా అత్తగారు ఒక్క గుక్క తాగి "గోరింటాకు నానబెట్టిన నీళ్ళా ఇవి?" అన్నారు. నిజం చెప్పాలంటే అలాగే ఉంది.

ఇంకోటి, మీరు చేదు అంటున్నదాంట్లో సగం చేదు కాదు, వగరు. ఇంగ్లీషులో టీ గురించి చదివేవాళ్ళు ఈ రెండిటి తేడా పట్టుకోవడానికి కుస్తీ పడతారు గానీ ఉగాది పచ్చడి తిని పెరిగిన మనకి ఆ బాధ లేదు. వేపపువ్వు చేదు, మామిడి పిందె వగరు. చేదు నాలుకకి తెలిసే రుచి. వగరు అయితే వక్క నమిలినప్పుడు నోరంతా పట్టేసినట్టు ఉంటుంది చూడండి, అది. లాలాజలంలోని ప్రొటీన్లకి ఆకులోని పదార్థాలు అతుక్కోవడం వల్ల వచ్చే పొడితనం అన్నమాట. గుక్క మింగాక ఒక్క క్షణం ఆగి నాలుకని అంగిటికి రాసి చూడండి, గరుగ్గా తగిలితే వగరు ఎక్కువున్నట్టు. ఈ ఒక్కటి వేరుచేయడం వచ్చిందంటే మీకు సగం పరీక్ష అయిపోయినట్టే.

ఇక పోల్చడం. ఇవాళ ఒకటి, రేపు ఒకటి తాగితే జన్మలో తేడా తెలియదు, నాలుగూ ఒకేసారి పక్కపక్కన పెట్టాలి. నాలుగు తెల్ల కప్పులు తీసుకోండి, రంగు కనిపించాలి కదా. ఒక్కో దాంట్లో 2 గ్రాముల ఆకు, 100 మిల్లీలీటర్ల నీళ్ళు. టీ టేస్టర్ల కోసం ఐఎస్ఓ 3103 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది, అందులో ఉన్న లెక్కా ఇదే. కాకపోతే వాళ్ళు మరిగే నీళ్ళు పోసి 6 నిమిషాలు ఉంచుతారు, ఆకులో ఉన్న లోపాలన్నీ బయటపడాలని. మనం లోపాలు వెతకడానికి కూర్చోలేదు, తాగడానికి కూర్చున్నాం కాబట్టి 75, 80 డిగ్రీల నీళ్ళు, రెండు నిమిషాలు చాలు. థర్మామీటర్ లేకపోయినా పర్వాలేదు, మరిగిన నీళ్ళని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోసిన ప్రతిసారీ సుమారు 10 డిగ్రీలు తగ్గుతాయని జపాన్ వాళ్ళ లెక్క, అలా రెండుసార్లు మార్చి పోయండి. చెంచాతో మాత్రం కొలవకండి. చెంచాడు సెంచా, చెంచాడు లాంగ్‌జింగ్ బరువులో చాలా తేడా వస్తాయి. వంటింటి చిన్న డిజిటల్ కాటా ఉంటే మేలు.

రెండు నిమిషాలయ్యాక వడకట్టేయండి, లేకపోతే ఆఖరి కప్పు దగ్గరికి వచ్చేసరికి అది కషాయమైపోతుంది. ఏ కప్పులో ఏముందో మీకు తెలియకుండా కప్పుల కింద నంబర్లు అంటించమని మీ ఆవిడ గారికి చెప్పండి, జపాన్‌ది అని ముందే తెలిస్తే నాలుక దానికే మార్కులు వేసేస్తుంది. అంతకు గంట ముందు నుంచీ కాఫీ, ఆవకాయ, వక్కపొడి వద్దు. గదిలో అగరొత్తులు అసలు వద్దు. తాగేటప్పుడు మా తాతయ్య సాసర్లో పోసుకుని జుర్రుమని లాగినట్టు లాగండి. ఆయన్ని అందరం వెక్కిరించేవాళ్ళం గానీ టీ టేస్టర్లు చేసేది అక్షరాలా అదే, గాలితోపాటు లాగితే వాసన గొంతు వెనక నుంచి ముక్కులోకి పోతుంది, టీ రుచిలో ఎక్కువ భాగం అక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు మీ నాలుగింటి సంగతి. మొక్క ఒకటే, పాల టీ పొడి చేసేదీ దాంతోనే. కోసిన ఆకుని వెంటనే వేడి చేసి, అది నల్లబడకుండా ఆపేస్తే గ్రీన్ టీ. ఆ వేడి ఎలా పెట్టారన్నదే మీ కప్పుల్లో తేడా. లాంగ్‌జింగ్ చైనాలో జెజియాంగ్ రాష్ట్రం, హాంగ్‌జౌ పక్కది. ఆకుని వేడి మూకుడులో చేత్తో అదిమి అదిమి వేయిస్తారు, అందుకే బల్లపరుపుగా ఉంటుంది. చెస్ట్‌నట్ వాసన వస్తుందంటారు, మనలో చెస్ట్‌నట్ తిన్నదెవరు గానీ నాకైతే దోరగా వేయించిన పెసరపప్పు గుర్తొస్తుంది. ఏప్రిల్ 5 ప్రాంతంలో వచ్చే చింగ్‌మింగ్ పండగకి ముందు కోసిన లేత ఆకుకి ధర ఆకాశంలో ఉంటుంది. జపాన్ వాళ్ళు వేయించరు, ఆవిరి పట్టిస్తారు. అందుకే సెంచా పచ్చగా, తోటకూర ఉడికించిన నీళ్ళ వాసనతో, కాస్త సముద్రపు నాచు వాసనతో ఉంటుంది. ఆవిరి పట్టి, నలిపి ఆరబెట్టే ఈ పద్ధతిని 1738లో నాగతాని సోయెన్ అనే ఆయన ఒక దారికి తెచ్చాడని చెబుతారు. మీకు సెంచా మొదట్లో నచ్చకపోవచ్చు, నాకు ఆరు నెలలు పట్టింది.

గెన్‌మైచా మాత్రం మొదటి గుక్కకే నచ్చుతుందని పందెం కాస్తాను. ఆకులో వేయించిన బియ్యం కలుపుతారు, కొన్ని గింజలు పేలి ఉంటాయి కూడా. పేలాల వాసన మనకి కొత్తా? కప్పు కింద నంబరు లేకపోయినా దాన్ని గుర్తుపట్టేస్తారు, అందుకే దాన్ని ఆఖర్న పెట్టండి, ముందు తాగితే ఆ వేపుడు వాసన మిగతావాటిని పాడుచేస్తుంది. దీనికి నీళ్ళు కాస్త ఎక్కువ వేడిగా ఉన్నా ఏం కాదు.

నీలగిరి గురించి నిజం చెబితే కోపం తెచ్చుకోకండి. మన దేశపు తోటల్లో ఎక్కువ చోట్ల ఉండేది అస్సాం రకం మొక్కో, దాంతో కలిసిన సంకరమో. వాటిలో కాటెచిన్లు ఎక్కువ. పాలు, పంచదార తట్టుకునే బలం దానివల్లే, గ్రీన్ టీ చేస్తే వగరు కొట్టేదీ దానివల్లే. బాగా చేసినవి లేకపోలేదు. 70 డిగ్రీల నీళ్ళు పోసి, ఒక నిమిషానికే తీసేసి చూడండి. మన దేశంలోనే చైనా రకం మొక్కతో చేసింది కావాలంటే హిమాచల్‌లోని కాంగ్రా టీ వెతకండి. 1905 భూకంపంతో దాదాపు మూతపడి, మళ్ళీ మెల్లగా నిలబడ్డ తోటలవి. మీ అయిదో కప్పు అదే కావాలని నా కోరిక.

అన్నట్టు, వడకట్టిన ఆకు పారేయకండి, దాని మీద మళ్ళీ నీళ్ళు పోసి రెండో విడత కూడా పోల్చండి. మొదటి కప్పులో బాగున్న చవక రకం రెండో కప్పుకి చతికిలబడుతుంది, లాంగ్‌జింగ్ మూడో విడతకి కూడా ఏదో ఒకటి ఇస్తూనే ఉంటుంది.

కాకినాడ నుంచి ఒక గృహిణి: గ్రీన్ టీలో తేనె, నిమ్మకాయ, అల్లం వేసుకోవచ్చా? మా ఆడపడుచు అలా తాగితే తప్పంటుంది.

తప్పేముందమ్మా, కాశ్మీరీలు కహ్వాలో కుంకుమపువ్వు, ఏలకులు, దాల్చినచెక్క వేస్తారు, బాదం పప్పు కూడా వేస్తారు, అదీ గ్రీన్ టీయే. మొరాకోలో అయితే చైనా నుంచి వచ్చే గన్‌పౌడర్ అనే ఉండల టీలో పుదీనా, దోసిళ్ళ కొద్దీ పంచదార. ఉండలుగా చుట్టిన, కాస్త పొగ వాసన ఉండే గట్టి టీ అది, అన్నిటినీ తట్టుకుంటుంది. మీ ఆడపడుచు మాట లేత ఆకుల విషయంలో నిజమే. సెంచాలో అల్లం దంచి వేస్తే మీకు మిగిలేది అల్లం నీళ్ళు. దానికి అంత ఖరీదు పెట్టడం ఎందుకు?

నల్గొండ జిల్లా నుంచి ఒక టీచర్: హైదరాబాద్‌లో మా చెల్లి ఇంట్లో తాగిన టీయే ప్యాకెట్ తెచ్చుకున్నాను, మా బోరు నీళ్ళతో చేస్తే మబ్బుగా ఉంటోంది, పైన తెట్టు కడుతోంది. ప్యాకెట్ మార్చేశారేమో అని అనుమానం.

ప్యాకెట్ కాదండీ, నీళ్ళు. గట్టి నీళ్ళలోని కాల్షియం ఆకులోని పదార్థాలతో కలిసి ఆ తెట్టు కడుతుంది, రంగు ముదురుతుంది, రుచి చప్పబడుతుంది. మీ వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పాలా? మరిగిస్తే అది పోదు, నీళ్ళు ఇంకి ఇంకా చిక్కబడుతుంది. పైగా టీ మొక్క నేలలోంచి ఫ్లోరైడ్ లాగి ఆకులో దాచుకుంటుంది, ముదురు ఆకులో మరీ ఎక్కువ. కాబట్టి టీకి కూడా తాగడానికి వాడే శుద్ధి చేసిన నీళ్ళే వాడండి. ఆర్ఓ నీళ్ళతో రుచి కొంచెం పలచబడుతుంది, అయినా అదే నయం.

గుంటూరు నుంచి ఒక తల్లి: మా అమ్మాయికి రక్తం తక్కువ. సన్నబడాలని అన్నం తిన్న వెంటనే గ్రీన్ టీ తాగుతోంది, క్యాప్సూల్స్ కూడా తెప్పించుకుంటానంటోంది.

టీ ఆకుకూరల్లోని, పప్పుల్లోని ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. భోజనానికీ టీకీ మధ్య కనీసం గంట ఎడం పెట్టమనండి. క్యాప్సూల్స్ వద్దు. టీ తాగడం వేరు, దాని సారాన్ని మాత్రలు చేసి మింగడం వేరు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది, సప్లిమెంట్ల ద్వారా రోజుకి 800 మిల్లీగ్రాములు, ఆపైన ఈజీసీజీ (గ్రీన్ టీలో ఉండే ఒక రకం కాటెచిన్) తీసుకుంటే కాలేయానికి ఇబ్బంది రావచ్చని. సన్నబడే సంగతికొస్తే, పంచదార టీ మానేసినందుకు కాస్త తగ్గుతుందేమో గానీ గ్రీన్ టీలో మంత్రమేమీ లేదు. రక్తం సంగతి డాక్టరుకి చూపించండి.

డాలస్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని: ఇక్కడ మాచా పిచ్చి పట్టింది అందరికీ. "సెరిమోనియల్" అని రాసి ఉంటే మంచిదేనా?

ఆ మాటకి చట్టపరమైన అర్థం ఏమీ లేదు, ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. మాచా అంటే మొక్కకి కొన్ని వారాలు నీడ పట్టి, ఆకు కోసి, ఆవిరి పట్టి, ఈనెలు తీసేసి రాతి తిరగలిలో విసిరిన పొడి. ఒక తిరగలి గంటకి 30, 40 గ్రాములకి మించి విసరదు, ఖరీదు ఎందుకో మీకే అర్థమవుతుంది. రంగు చూడండి. మంచిది చిగురాకు పచ్చ, పాతదీ నాసిదీ ఎండిన మునగాకు పొడిలా పసుపు తిరిగి ఉంటాయి. పాలు కలపకుండా ఒక్కసారి ఉత్తిగా తాగి చూస్తే మిగతాది నాలుకే చెప్తుంది. ఆకు మొత్తం కడుపులోకి పోతుంది కాబట్టి కెఫీన్ కూడా గట్టిగానే ఉంటుంది, రాత్రి ఆఫీస్ కాల్ ముందు తాగి నిద్ర రాలేదని నాకు రాయకండి.

కడియం నుంచి ఒక నర్సరీ యజమాని: మా తోటలో గుండుమల్లెలు రాలిపోతున్నాయి. జాస్మిన్ గ్రీన్ టీ ఇంట్లో చేసుకోవచ్చా?

ఈ వారం నాకు బాగా నచ్చిన ప్రశ్న. చైనాలో ఫూజౌ వాళ్ళు వాడే మల్లె, మీ పెరట్లోది ఒకే జాతి. వాళ్ళు మధ్యాహ్నం మొగ్గలు కోసి, రాత్రి అవి విచ్చుకునే వేళకి ఆకుతో కలిపి పెడతారు. తెల్లారాక పూలు ఏరేసి, ఆకు ఆరబెట్టి, మళ్ళీ కొత్త పూలతో అదే పని, మేలు రకానికి ఇలా చాలాసార్లు చేస్తారు. మీరు 50 గ్రాములతో మొదలుపెట్టండి. మందు కొట్టని చెట్టు పూలే వాడాలి, తడి లేకుండా కోయాలి, స్టీలు డబ్బాలో ఒక వరస ఆకు, ఒక వరస మొగ్గలు వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున్నే పూలు తీసేయకపోతే చెమ్మకి బూజు పడుతుంది. ఆకుని సన్నటి సెగ మీద మూకుట్లో, చేయి పెట్టగలిగేంత వేడిలోనే ఆరనివ్వాలి. రెండు మూడు రాత్రులకే వాసన పట్టేస్తుంది. టీ ఆకు ఏ వాసనైనా అంతే, ఇట్టే పట్టేస్తుంది, కాబట్టి తయారయ్యాక గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి, ఇంగువ డబ్బాకి మాత్రం దూరంగా పెట్టండి.