క్రిస్మస్ ప్రేమకథల్లో పాత కోటలు, దయ్యాలు ఎందుకుంటాయి?

క్రిస్మస్ రాత్రుల్లో చలిమంట చుట్టూ చేరి దయ్యాల కథలు చెప్పుకునే ఇంగ్లండు పాత అలవాటే ఇందుకు మూలం. ఉత్తరార్ధగోళంలో ఏడాదిలోకెల్లా పొడవైన రాత్రి డిసెంబరు 21 ప్రాంతంలోనే వస్తుంది. మంచు దారులు మూసేస్తుంది. పాత భవంతిలో చిక్కుకున్న ఇద్దరి మధ్య ప్రేమ పుట్టడానికైనా, పైఅంతస్తులో ఎవరివో అడుగుల చప్పుడు వినిపించడానికైనా ఇంతకంటే అనువైన వేళ ఏముంటుంది? 19వ శతాబ్దపు పత్రికలు క్రిస్మస్ సంచికల్లో ఇలాంటి కథలు వేసి ఆ అలవాటును వ్యాపారం చేసుకున్నాయి.

ఇంగ్లిష్ రచయిత్రి ఎలిజబెత్ గాస్కెల్ 1852లో అలాంటి సంచికకే రాసిన ‘ది ఓల్డ్ నర్సెస్ స్టోరీ’ చూడండి. ఒకే సంగీతకారుణ్ని ప్రేమించిన అక్కాచెల్లెళ్ల అసూయ చివరికి ఓ పసిపిల్ల దయ్యాన్ని మిగులుస్తుంది. ఆ పిల్ల మంచులో నిలబడి కిటికీ అద్దాన్ని శక్తికొద్దీ బాదుతుంది, చప్పుడు మాత్రం రాదు. (నన్నడిగితే భయమంతా ఆ నిశ్శబ్దంలోనే ఉంది.)

దయ్యాలను క్రిస్మస్‌కు తెచ్చింది 1843లో ‘ఎ క్రిస్మస్ కెరోల్’ అనే దయ్యాల కథ రాసిన చార్లెస్ డికెన్స్ అని చాలామంది పొరబడతారు. ఆయన వాటికి ప్రాచుర్యం పెంచారంతే. అంతకు రెండు శతాబ్దాల ముందే షేక్‌స్పియర్ ‘ది వింటర్స్ టేల్’లో ఓ పిల్లవాడు, చలికాలానికి విషాద కథే తగినదంటూ దయ్యాల కథ మొదలుపెడతాడు.